పట్టా చేతికొచ్చాక: వరంగల్ డిగ్రీ పిల్లలు ఉద్యోగానికి సిద్ధమయ్యే దారి

హన్మకొండలో డిగ్రీ, బీటెక్ ఫైనల్ ఇయర్ పిల్లలకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ఒకసారి పరకాల వైపు నుంచి బీకామ్ అమ్మాయి వచ్చింది. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు ఘనంగా ఉంది, ఇన్వెంటరీ మేనేజ్‌మెంట్ మీద అధ్యయనమట. "ఇన్వెంటరీ అంటే ఏంటమ్మా?" అని అడిగితే నేల చూపులు. ప్రాజెక్టు బైండింగ్‌తో సహా కొనుక్కొచ్చిందని అర్థమైంది. ఇక ఆపేద్దామనుకుని, "నాన్న ఏం చేస్తారు?" అన్నాను.

"మిర్చి ఏస్తం సార్, నాలుగెకరాలు."

"ఈసారి ధర ఎట్లుంది?"

అంతే, మనిషి మారిపోయింది. "ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు పొద్దుగాలనే తోలాలె సార్, లేకుంటే షెడ్లల్ల జాగ దొరకది. పేపర్ల వచ్చేది జెండా పాట ధర, అన్నిటికంటే మంచి సరుకుకు పలికేది. గది అందరికీ రాదు. తేమ ఉందని కొంత కోస్తరు, తాలు, అదే రంగు పోయిన కాయ, వేరే లెక్క. కాంటా అయినంక తక్‌పట్టీ ఇస్తరు, అండ్ల హమాలీ, అడ్తి కమిషన్ పోను మిగిలిందే మాది." ఇంకా చాలా చెప్పింది. మూడేళ్ల తక్‌పట్టీలు, అంటే అమ్మకం చీటీలు, ఇంట్లో రేకు డబ్బాలో ఉన్నాయట. నాన్నకు లెక్క రాసిపెట్టేది తనేనట.

ఇన్వెంటరీ, ధర, తరుగు, కమిషన్, నికర రాబడి అన్నీ ఆమెకు తెలుసు. తెలుసని ఆమెకే తెలియదు. రెజ్యూమెలో అవి లేవు, కొన్న ప్రాజెక్టు ఉంది.

ఇన్నేళ్లలో ఎంతోమంది మేనేజర్లను అడిగాను, ఫ్రెషర్‌లో ఏం చూస్తారని. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పినా చివరికి తేలేది ఒకటే: పని అప్పజెప్పాక మళ్లీ అడగాల్సిన అవసరం రాకూడదు. అయితే అయిందని, కాకపోతే ఎక్కడ ఆగిందో, మనం అడక్కముందే చెప్పాలి. కమ్యూనికేషన్ స్కిల్స్, టీమ్‌వర్క్, టైమ్ మేనేజ్‌మెంట్ అని పోస్టర్ల మీద రాసేవన్నీ ఇందులోంచి పుట్టినవే. కింద రాసిన మెట్లన్నీ అక్కడికి చేరడానికే. అన్నీ కలిపి మూడు నాలుగు నెలల పని. ఫైనల్ ఇయర్ రెండో సెమిస్టర్‌లో మొదలుపెడితే సరిగ్గా సరిపోతుంది. పట్టా వచ్చి రెండేళ్లయినా మించిపోయిందేమీ లేదు.

మెట్టు 1: ఇప్పటిదాకా ఏమేం చేశారో రాయండి

ఒక సాయంత్రం, ఒక నోట్‌బుక్. కోర్సులు, మార్కులు పక్కన పెట్టండి. గత నాలుగేళ్లలో ఇంకొకరు మీ మీద ఆధారపడిన పనులు మాత్రమే రాయండి. హాస్టల్ మెస్ లెక్కలు చూశారా? మేడారం జాతరలో వలంటీర్‌గా నిలబడ్డారా? బాబాయి కిరాణా షాపులో కూర్చున్నారా? డిగ్రీ సీటు కోసం చెల్లెలి దోస్త్ అప్లికేషన్ మీరే నింపి, వెబ్ ఆప్షన్లు మీరే పెట్టారా? వినాయక చవితి చందాలకు రసీదులు రాశారా?

ప్రతి పనికీ మూడు సంగతులు రాయండి: ఎంతమందికి, ఎంతకాలం, ఏం ఇబ్బంది వచ్చింది. "మెస్ లెక్కలు చూశాను" అంటే గాలి మాట. "62 మందికి 8 నెలలు మెస్ లెక్క రాశాను. నెలాఖరుకు లెక్క తప్పుతుంటే బియ్యం, గ్యాస్, కూరగాయలు వేరువేరుగా రాయడం మొదలుపెట్టాను" అంటే ఎదుటివాడు తలెత్తి చూస్తాడు. అంకెలు ఉన్నవే రాయండి. పెంచి రాస్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

చాలామందికి పేజీ నిండదు. పర్వాలేదు. తర్వాతి మెట్టు వాళ్ల కోసమే.

మెట్టు 2: ఒక్క పని మొదటి నుంచి చివరిదాకా చేయండి

ఈ మొత్తంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఎక్సెల్ కోర్సు చేశాను, సర్టిఫికెట్ ఉంది అనేవాళ్లు గదినిండా ఉంటారు. ఎక్సెల్‌లో తానే చేసిన ఒక షీట్ తెరిచి చూపించగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఆ ఇద్దరు ముగ్గురిలో మీరుండాలి.

పరకాల అమ్మాయితో చేయించింది చెబుతాను. ఆ రేకు డబ్బా తెమ్మన్నాను. మూడు సీజన్ల తక్‌పట్టీలు. ముందు కాగితం మీద తలకట్లు గీసుకున్నాం: తేదీ, ఎన్నో ఏరుడు (ఎన్నోసారి కోసిన కాయ), రకం, బస్తాలు, బరువు, క్వింటా ధర, విలువ, హమాలీ, అడ్తి, చేతికొచ్చింది. తర్వాత షీట్‌లో ఒక్కో తక్‌పట్టీ ఒక్కో వరుస.

మొదటి రోజే మొత్తం తప్పొచ్చింది. బరువు గడిలో కొన్నిచోట్ల 5.1 అనీ, కొన్నిచోట్ల "5.1 క్వి" అనీ కొట్టింది. అక్షరం కలిసిన గడిని ఎక్సెల్ అంకెగా చూడదు, మొత్తం వేసేటప్పుడు చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఎర్ర గుర్తు రాదు, హెచ్చరిక రాదు, మొత్తం మాత్రం తగ్గుతుంది. ఆఫీసుల్లో ఫ్రెషర్లు తిట్లు తినేది ఎక్కువగా ఈ తప్పుకే. పట్టుకునే చిట్కా సులువు: అంకె గడిలో కుడివైపు ఒదుగుతుంది, అక్షరాలు ఎడమవైపు ఒదుగుతాయి. ఎడమకు నక్కి కూర్చున్న అంకె కనిపిస్తే అనుమానించండి. రెండో పద్ధతి, చేత్తో ఒక వరుస లెక్క వేసి చూడటం. 5.1 క్వింటాళ్లు, ధర 14,200 అయితే విలువ 72,420 రావాలి. షీట్ వేరేది చెబుతుంటే షీట్‌దే తప్పు.

తేదీలతో ఇంకో తంటా. 05-03 అని కొడితే కంప్యూటర్ సెట్టింగ్‌ను బట్టి మార్చి 5 కావచ్చు, మే 3 కావచ్చు. నెల పేరు అక్షరాల్లో కనిపించేలా ఫార్మాట్ పెట్టుకుంటే ఈ గోల ఉండదు.

ఈ పని చేస్తూ నేర్చుకోవాల్సినవి ఇవి: సార్ట్, ఫిల్టర్, సమ్, సమ్‌ఇఫ్, కౌంట్‌ఇఫ్, వీలుకప్ లేదా ఎక్స్‌లుకప్, పివట్ టేబుల్ (వరుసలను గుంపులుగా కలిపి మొత్తాలు చూపేది), ఒక మామూలు చార్ట్. ఫ్రెషర్ ఉద్యోగాల్లో చాలావాటికి ఇంతే చాలు. మ్యాక్రోల జోలికి ఇప్పుడే పోవద్దు. గడులు మెర్జ్ చేసి అందంగా కనిపించాలని చూడొద్దు, ఆ తర్వాత సార్ట్ మొరాయిస్తుంది. లాప్‌టాప్ లేకపోతే ఫోన్‌లో గూగుల్ షీట్స్‌తో మొదలుపెట్టి, వారానికి రెండు రోజులు కాలేజీ ల్యాబ్‌లో కూర్చోండి.

షీట్ పూర్తయ్యాక దాన్ని ఒక ప్రశ్న అడగాలి. ఆమె అడిగింది: ఏ ఏరుడులో తాలు ఎక్కువ? పివట్ టేబుల్ వేస్తే వాళ్ల చేనులో చివరి ఏరుళ్లలో తాలు వాటా బాగా పెరిగిందని తేలింది. నాన్నకు ఇది తెలియదా అంటే తెలుసు. కానీ ఎంత అన్నది మొదటిసారి కాగితం మీద కనిపించింది. ఇంటర్వ్యూలో పది నిమిషాలు తడబడకుండా మాట్లాడటానికి ఆమెకు ఆ ఒక్క షీట్ చాలింది.

మీకు మిర్చి చేను ఉండక్కర్లేదు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లెక్కలు, మెడికల్ షాపులో గడువు దాటే మందుల జాబితా, ఆటో నడిపే అన్న డీజిల్ ఖర్చు, ఏదైనా సరే. బీటెక్ కంప్యూటర్స్ వాళ్లయితే ఇదే పనికి చిన్న వెబ్ పేజీ కట్టి, కోడ్ గిట్‌హబ్‌లో పెట్టండి. షరతు ఒక్కటే. అది నిజంగా ఎవరో ఒకరు వాడాలి. వాడేవాళ్లు ఉంటే ఫిర్యాదులు వస్తాయి, అవి సరిచేస్తూ పోతే నాలుగు ముక్కలు వస్తాయి.

ప్రాజెక్టు కొనుక్కునే పిల్లలను చూసి కోప్పడను, కాలేజీలే అలా తయారుచేశాయి. కాకపోతే అది రెజ్యూమెలో పెట్టకండి.

మెట్టు 3: రాసే మాట

ఆఫీసులో మాట్లాడేదానికంటే రాసేదే ఎక్కువ. మెయిల్, వాట్సాప్ గ్రూపు, టీమ్స్ మెసేజ్. అయినా స్పోకెన్ ఇంగ్లీష్‌కు వేలు కట్టేవాళ్లు రాత మీద ఒక్క పూట కూడా పెట్టరు.

రెండు మెసేజ్‌లు చూడండి. మొదటిది, పొద్దున 9:40కి: "సార్ ఈ రోజు రాను హెల్త్ బాలేదు." రెండోది, 8 గంటలకు: "సార్, రాత్రి నుంచి జ్వరం, ఈ రోజు రాలేను. స్టాక్ షీట్‌లో 140 వరుసలు అయ్యాయి, 60 మిగిలాయి. ఫైల్ టీమ్ ఫోల్డర్‌లో ఉంది. మధ్యాహ్నం 12కి పంపాల్సిన రిపోర్టు సంగతి పక్క సీటు అన్నకు ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రం మళ్లీ మెసేజ్ పెడతాను."

ఇద్దరికీ జ్వరమే. మొదటి మెసేజ్ చూసిన మేనేజర్ ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. రెండోది చదివాక "రెస్ట్ తీసుకో" అనడం తప్ప అడిగేదేం లేదు.

మెయిల్‌కు కూడా ఇదే పద్ధతి. సబ్జెక్ట్ లైన్‌లో విషయం ఉండాలి. "రెజ్యూమె" అని కాదు, ఏ ఉద్యోగానికో, మీ పేరేంటో, ఏ ఊరో. మొదటి వాక్యంలో ఏం కావాలో చెప్పాలి, క్షేమ సమాచారాలు వద్దు. అటాచ్‌మెంట్ ముందు పెట్టండి, తర్వాత మెయిల్ రాయండి, అన్నిటికంటే చివర చిరునామా కొట్టండి. ఈ వరుసలో చేస్తే ఖాళీ మెయిల్ పొరపాటున పోయే ప్రమాదమే ఉండదు. ఫైల్ పేరు మీ పేరుతో ఉండాలి. "న్యూ ఫైనల్ 3 కరెక్టెడ్" అనే ఫైళ్లు నాకు వారానికి పది వస్తాయి. మెయిల్ ఐడీ కూడా చూసుకోండి. పదో తరగతిలో హీరో పేరు మీద పెట్టుకున్న ఐడీతో ఉద్యోగానికి అప్లై చేయొద్దు.

మెయిల్ ముందు తెలుగులోనే రాసుకోండి. విషయం తేలాక ఇంగ్లీషులోకి మార్చండి. చాట్‌జీపీటీతో రాయించుకోవచ్చా అని అందరూ అడుగుతున్నారు. వ్యాకరణం సరిచేయించుకోండి, తప్పులేదు. మొత్తం దానితోనే రాయిస్తే ఏమవుతుందంటే, 40 మంది అప్లికేషన్లు ఒకే గొంతుతో వస్తాయి. చదివేవాడు మొదటి లైన్‌లోనే పట్టేస్తాడు.

మెట్టు 4: ఇంగ్లీషు టెన్షన్

"నాకు ఇంగ్లీషు రాదు సార్, గదే టెన్షన్." ఈ మాట వినని వారం లేదు. తెలుగు మీడియంలో చదివి, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చిన పిల్లలకు ఈ భయం మరీ ఎక్కువ. నిజానికి వాళ్లకు ఇంగ్లీషు వస్తుంది, చదివితే అర్థమవుతుంది. నోరు అలవాటు పడలేదు, అంతే. నోటి అలవాటుకు గ్రామర్ పుస్తకం మందు కాదు.

30 రోజులు ఇలా చేసి చూడండి. పొద్దున ఒక చిన్న విషయం ఎంచుకోండి, నిన్న మీరు చేసిన పనే కావచ్చు. ఫోన్‌లో రికార్డ్ నొక్కి రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పండి, మధ్యలో ఆపొద్దు. తర్వాత వినండి. మొదటి రోజు మీ గొంతు మీకే ఏడుపు తెప్పిస్తుంది, అందరికీ అంతే. విన్నాక మాట దొరక్క ఆగిన మూడు చోట్లు రాసుకుని, ఆ మూడింటికీ మాటలు వెతుక్కోండి. సాయంత్రం అదే విషయం మళ్లీ చెప్పండి. రోజుకు అరగంట లోపే. అద్దం ముందు మాట్లాడమని చెబుతారు గానీ నాకు నమ్మకం లేదు. అద్దం మన తప్పులు వినిపించదు.

సెల్ఫ్ ఇంట్రడక్షన్ "మైసెల్ఫ్" అని మొదలుపెట్టకండి, "ఐ యామ్" చాలు. నాన్న పేరు, అమ్మ పేరు, అన్నదమ్ములు, హాబీలు అన్న పాత వరుస వదిలేయండి. నాలుగు ముక్కలు చాలు: ఏ ఊరు, ఏం చదివారు, చేసిన ఒక పని, ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చారు. పరకాల అమ్మాయిది ఇలా తయారైంది: "ఐ యామ్ ఫ్రమ్ పరకాల. ఐ కంప్లీటెడ్ బీకామ్ దిస్ ఇయర్. మై ఫ్యామిలీ గ్రోస్ చిల్లీ, అండ్ ఐ కెప్ట్ త్రీ సీజన్స్ ఆఫ్ సేల్స్ అకౌంట్స్ ఇన్ ఎక్సెల్. ఐ వాంట్ టు వర్క్ ఇన్ అకౌంట్స్." చిన్న చిన్న వాక్యాలు. ఎక్కడా తడబడే చోటు లేదు. వినేవాడు తప్పకుండా మిర్చి గురించే అడుగుతాడు, ఆమెకు కావాల్సిందీ అదే.

తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పండి, కానీ అక్కడే ఆపొద్దు. "అది చేయలేదు సార్, ఇదైతే చేశాను" అని ఒక మెట్టు ముందుకు వేయండి. యాస గురించి బెంగ వద్దు. స్పష్టంగా, కాస్త నెమ్మదిగా మాట్లాడితే ఎవరూ పట్టించుకోరు. గ్రూప్ డిస్కషన్‌లో అందరికంటే ముందు అరవాలన్న రూలేమీ లేదు. ఇద్దరు మాట్లాడాక మూడో మనిషిగా వెళ్లి, ఇంతవరకు వచ్చిన వాదన ఒక్క వాక్యంలో చెప్పి మీది కలిపితే చాలు.

మెట్టు 5: లెక్కలు

క్యాంపస్ పరీక్షల్లో వడపోత ఇక్కడే జరుగుతుంది. శాతాలు, నిష్పత్తులు, సగటు, లాభనష్టాలు, కాలం-పని, కాలం-దూరం, పట్టికలు చదవడం. ఎనిమిది, తొమ్మిది తరగతుల లెక్కలే, టైమర్ పెట్టి అడుగుతారు. రోజూ 20 లెక్కలు, ఫోన్‌లో టైమర్, రెండు నెలలు. క్యాలిక్యులేటర్ వద్దు. ధర 20 శాతం పెంచి, పెరిగినదాని మీద 20 శాతం తగ్గిస్తే మళ్లీ మొదటికి వస్తుందా? రాదు, 4 శాతం తగ్గుతుంది. 100 రూపాయలు 120 అయి, అందులోంచి 24 పోతే 96. ఇది నోటితో చెప్పగలిగితే మీరు సగం దారిలో ఉన్నట్టే.

మెట్టు 6: రెజ్యూమె

ఒక్క పేజీ. పీడీఎఫ్. ఫొటో, మతం, వైవాహిక స్థితి, నాన్న వృత్తి, "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న డిక్లరేషన్ అక్కర్లేదు. "కెరీర్ ఆబ్జెక్టివ్" అని నెట్‌లో దొరికే నాలుగు లైన్లు ఎవరూ చదవరు. పైన పేరు, ఫోన్, మెయిల్. దాని కింద చేసిన పని. మొదటి మెట్టులో రాసింది, రెండో మెట్టులో చేసింది ఇక్కడికి వస్తాయి. ఆ తర్వాత చదువు, చివర నైపుణ్యాలు.

నైపుణ్యాల కింద ఏది రాసినా దాని మీద ఐదు ప్రశ్నలకు సిద్ధంగా ఉండండి. "పైథాన్" అని రాసి లిస్టుకు, టపుల్‌కు తేడా చెప్పలేకపోతే ఆ ఒక్క మాట మిగతా పేజీ మొత్తాన్ని అనుమానంలో పడేస్తుంది. టేబుళ్లు, రంగుల గీతలు, రెండు నిలువు వరుసల డిజైన్లు వద్దు. పెద్ద కంపెనీల్లో మొదట చదివేది సాఫ్ట్‌వేర్, దానికి ఆ డిజైన్లు సరిగ్గా అర్థం కావు.

కోర్సు చేయాలనుకుంటే ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్‌లో ఆన్‌లైన్ పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రమే ఫీజు. ఒక్కటి చేయండి, పూర్తిగా చేయండి. ఆరు సగం సర్టిఫికెట్ల కంటే అదే మేలు.

మెట్టు 7: ఎక్కడ వెతకాలి

అందరి చూపూ హైదరాబాద్ మీదే. నేను కాదనను, ఉద్యోగాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి. కానీ వెతుకులాట ఇంటి దగ్గరి నుంచి మొదలుపెట్టొచ్చు. మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ 2020 జనవరిలో కేంద్రాలు తెరిచాయి. కరీంనగర్ ఐటీ టవర్ అదే ఏడాది జులైలో మొదలైంది. గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. అక్కడ కావాల్సింది మెషీన్ల మీద పనిచేసేవాళ్లే అనుకోకండి. స్టోర్స్, క్వాలిటీ, హెచ్‌ఆర్, అకౌంట్స్ ఏ ఫ్యాక్టరీకైనా కావాలి. హాస్పిటళ్ల బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్కులు, బ్యాంకుల సేల్స్, ఆడిటర్ల ఆఫీసులు కూడా డిగ్రీ పిల్లలను తీసుకుంటాయి. ఆడిటర్ దగ్గర ఆరు నెలలు తక్కువ జీతానికి చేసి, జీఎస్టీ రిటర్న్‌లు, ట్యాలీ చేతికి అలవాటు చేసుకున్న బీకామ్ పిల్లలు తర్వాత ఎక్కడా ఆగలేదు.

పట్టించుకోని దారి ఇంకోటి ఉంది, అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద కంపెనీలు గ్రాడ్యుయేట్లను తీసుకుని, సాధారణంగా ఏడాది పాటు స్టైపెండ్ ఇచ్చి పని నేర్పిస్తాయి. 2019 సవరణలో గ్రాడ్యుయేట్లకు కనీసం నెలకు 9,000 అని పెట్టారు. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో ఉచితంగా పేరు నమోదు చేసుకోవచ్చు. బీటెక్ వాళ్లకే కాదు, బీఏ, బీకామ్, బీఎస్సీ వాళ్లకూ ఉంటాయి. సింగరేణి, ఎన్టీపీసీ లాంటి సంస్థలు కూడా అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. అది పర్మనెంట్ ఉద్యోగం కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ ఏడాది పని అనుభవం మీ పేరు మీద ఉంటుంది. ఇక రాష్ట్ర ప్రభుత్వం 2014లో పెట్టిన టాస్క్ అనే సంస్థ ఉద్యోగ నైపుణ్యాల్లో శిక్షణలు ఇస్తుంది. మీ కాలేజీ అందులో నమోదై ఉందో లేదో ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ను అడగండి.

గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్ల సంగతి ఒక మాట. లైబ్రరీలో పొద్దున సీటు కోసం బ్యాగు పెట్టి వచ్చే పిల్లల పట్టుదల నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. కాకపోతే క్యాలెండర్‌లో ఒక తేదీ గీసుకోండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఆ తేదీ దాటితే ఉద్యోగం చేస్తూ చదవాలి. మూడేళ్ల ఖాళీని ఇంటర్వ్యూలో వివరించడం కష్టం. ట్యూషన్ చెప్పినా, మీసేవలో పార్ట్ టైమ్ చేసినా ఆ ఖాళీకి ఒక జవాబు దొరుకుతుంది.

మెట్టు 8: ఇంటర్వ్యూ రోజు

నా కథ చెప్పుకోవాలి. డిగ్రీ అయిన ఏడాది హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పదింటికి ఇంటర్వ్యూ. పొద్దున ఆరింటికి హన్మకొండలో బస్సెక్కాను. మూడు గంటల ప్రయాణం, గంట చేతిలో ఉంటుందని లెక్క. ఉప్పల్ ట్రాఫిక్ నా లెక్కలో లేదు. 11:20కి చేరాను. గేటు దగ్గర చెమటలు కక్కుతూ నిలబడితే, హెచ్‌ఆర్ మేడమ్ కోప్పడలేదు. "పదింటికి ఒక్క ఫోన్ చేసి ఉంటే మధ్యాహ్నం బ్యాచ్‌లో వేసేదాన్ని" అంది. ఫోన్ జేబులోనే ఉంది. ఆలస్యమైందని చెబితే ఏమనుకుంటారో అని చేయలేదు.

అందుకని ఉదయం ఇంటర్వ్యూ అయితే ముందు రాత్రే వెళ్లండి, స్నేహితుడి రూమ్‌లో పడుకోండి. అదే రోజు వెళ్లక తప్పకపోతే ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కండి, రాయదుర్గం దాకా ఒకే లైను. సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు, రెజ్యూమె మూడు కాపీలు, పెన్ను సొంతది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ఊళ్లో సిగ్నల్ నమ్మకండి. ముందురోజు అదే టైముకు, అదే గదిలో స్నేహితుడికి వీడియో కాల్ చేసి చూడండి. కరెంటు పోతుందేమో ఆలోచించి ఫోన్ డేటా సిద్ధంగా ఉంచండి.

చివర "మీరేమైనా అడుగుతారా?" అంటారు. లేదు అనకండి. "మొదటి మూడు నెలల్లో ఈ సీట్లో ఉన్న మనిషి ఏం పూర్తి చేయాలి?" అని అడగండి. ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తట్టలేదు.

మెట్టు 9: ఆఫర్ లెటర్ చదవడం

ఏడాదికి 3 లక్షలంటే నెలకు 25,000 చేతికొస్తాయనుకుని రూమ్ అద్దెకు మాట్లాడుకుని, మొదటి నెల జీతం చూసి బెంబేలెత్తిన పిల్లలు నాకు తెలుసు. సీటీసీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. లెక్క చూద్దాం. నెలకు 25,000లో బేసిక్ 12,500 అనుకోండి. కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, అంటే 1,500, చాలాచోట్ల ఇందులోంచే లెక్కేస్తారు. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, అంటే సుమారు 600. మిగిలింది 22,900. అందులోంచి మీ వాటా పీఎఫ్ 1,500, తెలంగాణలో జీతం 20,000 దాటితే ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికొచ్చేది 21,200. ఇంకా వేరియబుల్ పే, అంటే పనితీరును బట్టి తర్వాత ఇచ్చేది, పది శాతం ఉందంటే నెలకు మరో 2,500 ప్రస్తుతానికి ఆగుతుంది, 18,700 దాకా మిగులుతుంది. హైదరాబాద్ హాస్టల్, బస్సు ఖర్చు ఈ అంకెలోంచి చూసుకోవాలి.

బాండ్ ఉందా, ఎన్ని నెలలు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీస్ పీరియడ్ ఎంత, ఇవి చదవకుండా సంతకం పెట్టొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ అని, లాప్‌టాప్ డిపాజిట్ అని, ట్రైనింగ్ ఫీజు అని డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. బ్యాక్‌డోర్‌లో ఉద్యోగమని లక్షలు పోసినవాళ్లు మన జిల్లాల్లో వీధికొకరు ఉన్నారు. పరువు పోతుందని బయటికి చెప్పరు, అందుకే ఆ దందా నడుస్తోంది. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.

మెట్టు 10: మొదటి నెల

జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి. ఎవరైనా పని చెబితే రాసుకుని, వెళ్లేముందు ఒకసారి తిరిగి చెప్పండి: "సార్, ఈ జాబితా శుక్రవారం సాయంత్రానికి, జిల్లాల వారీగా, అంతేనా?" సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. చిక్కుపడితే అరగంట మీరే ప్రయత్నించండి, తర్వాత అడగండి. రోజంతా మొహమాటంతో కూర్చోవద్దు. అడిగేటప్పుడు ఏమేం ప్రయత్నించారో కూడా చెప్పండి. ఒకసారి చెప్పింది రెండోసారి అడక్కుండా ఉండటానికే ఆ నోట్‌బుక్.

రోజూ ఇంటికి బయల్దేరే ముందు మూడు లైన్లు రాసి మీ పైవాళ్లకు పంపండి. ఏం అయింది, ఏం మిగిలింది, ఎక్కడ ఆగింది. ఎవరూ పంపమని అనరు. రెండు వారాలు పంపాక ఒకరోజు మర్చిపోతే, "ఇవాళ మెసేజ్ రాలేదేంటి?" అని వాళ్లే అడుగుతారు. పరకాల అమ్మాయి ఇప్పుడు ఒక స్పిన్నింగ్ మిల్లు స్టోర్స్‌లో చేస్తోంది. ఆమె మూడు లైన్లు చూసి, ఆ మేనేజర్ మిగతా నలుగురినీ అలాగే పంపమన్నాడట. ఆ నలుగురూ ఆమె మీద కాస్త గుర్రుగా ఉన్నారని మొన్న ఫోన్ చేసి నవ్వింది.